సూర్యుడి వైపే పడ్డ నీడ

శుక్రవారం, 2006. నంద్యాల.

మస్తాన్‌ను అనుమానించడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తున్నాను.

పొద్దున నెట్ సెంటర్‌లో ఏదో సైట్ తెరిస్తే, బ్రౌజర్‌లోనే ఆడే ఒక కొత్త ఆట కనిపించింది. అంతరిక్షంలో శత్రువుల నౌకల్ని కాల్చే ఆట, అచ్చం నేనూ మస్తానూ కలిసి తయారు చేస్తున్నదాని లాంటిదే. కానీ ఆ నౌకలు నావి. ఎరుపును నీలం చేశారు గానీ గీత నాదే.

ఆళ్లగడ్డలో బోర్డులు రాసే మా అంగడిలో అక్షరాలకు ఎప్పుడూ ఎడమవైపు కిందికే నీడ దిద్దుతాం. చేతి అలవాటు కొద్దీ నౌకలకూ అట్లే దిద్దాను. తీరా చూస్తే మా ఆటలో సూర్యుడు కూడా ఎడమవైపే ఉన్నాడు, నీడ కుడికి పడాల్సింది. ఆ సైట్‌లోనూ సూర్యుడు ఎడమనే, నీడా ఎడమనే. ఈ తప్పు ఇంకెవరి చేతికి వస్తుంది?

నేను గాక నా బొమ్మలు ఉన్నది, ఆటకు ప్రోగ్రాం రాసే మస్తాన్ ఒక్కడి దగ్గరే. సాయంత్రం వాణ్ణి పిలిచి ఆ ఆట చూపించాను.

"మన బొమ్మలు ఆడికెట్ల పోయినాయి రా మస్తానూ?"

"నాకేం తెల్సు అన్నా. నౌకలన్నీ ఒకే తీరుగా ఉంటాయిలే," అన్నాడు. కూర్చొని కాసేపు ఆడాడు కూడా.

అప్పుడేమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది. "ఆ నీడ తప్పుగా ఉండాది, మార్చు అన్నా" అని మూడు నెలలుగా నా ప్రాణం తీస్తున్నవాడు, ఆ ఆట ఆడినంతసేపూ నీడ గురించి ఒక్క మాటా అనలేదు.