జుమ్మా నాటి మాటకి జవాబు

విజయవాడ, 7-8-96

పెద్దన్నగారికి నాగూర్ సలాములు. బతికే ఉన్నాను, కంగారు పడొద్దు.

నా గుడ్డలు తడవడం ఒళ్ళు బద్ధకం కాదండీ. వెన్నుపూసకి టీబీ పట్టిందట. నరం నొక్కుకుపోయి, మూత్రపు తిత్తి నిండినా నాకు తెలియడం లేదు. నిండి నిండి పొర్లుతోంది. మొన్న పైపు వేస్తే లీటరు పైనే వచ్చింది. తడుస్తానన్న భయంతో మంచినీళ్ళు మానేశానని చెబితే డాక్టరుగారు చెడామడా తిట్టారు.

రంజాన్‌లో శుక్రవారం, జుమ్మా నాడు మన చల్లపల్లి మసీదులో, అందరి ముందూ, "కంపు కొడుతున్నావు, వరసలోంచి లే" అన్నారు మీరు. లేచాను. ఆ రోజు నుంచి ఆరు నెలలు నమాజే చదవలేదు. ఇక్కడ నా పక్క మంచం ముసలాయన బందరులో ఇమాం. "ఇది జబ్బు బేటా. ప్రతి నమాజుకీ కొత్తగా కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకో, మధ్యలో కారినా చెల్లుతుంది" అన్నారు. నిన్న మూత్రం సంచి మంచానికి తగిలించుకునే చదివాను. ఈ ఒక్క మాట మీరు ఎవర్నయినా అడిగి ఉండాల్సింది.

మా ఆవిడ అన్వరి ఇక్కడ ఆస్పత్రిలో నా దగ్గర ఉంది కదా అని మా అమ్మాయి జుబియాని బడి మాన్పించి గిన్నెలు తోమిస్తున్నారట. సోమవారం నుంచి బడికి పంపండి. నా టోపీ గూట్లో ఉంది, ఇటు వచ్చేవాళ్ళకి ఇచ్చి పంపండి.

ఇదంతా కవర్లో రాయొచ్చు. మీరు నలుగురిలో అన్నారు గనక కార్డు మీద రాశాను. వదినగారికి సలాము. మీకంటే ముందు చదివే పోస్ట్‌మాన్ తిరుపతిరావుగారికి నమస్కారాలు.

నాగూర్