జానెడు లోతు మట్టి

ఇక్కడ నేను క్షేమం. నీ తమ్ముడు మాత్రం కాదు.

బొగ్గు యార్డు వల్ల నీళ్ళూ నేలా ఎంత చెడ్డాయో తేల్చమని మా బృందాన్ని పంపారు కదా, అక్కడి మేనేజరు మీవాడేనని తీరా వచ్చాక తెలిసింది. మేం వస్తున్నామని కంచె పొడవునా ఎర్రమట్టి తోలించి పరిపించాడు. మా కుర్ర ఇంజనీరు పైపైన గీకి, "నేల శుభ్రంగానే ఉంది సార్" అన్నాడు. నేను జానెడు లోతు తవ్వించాను. అడుగున అంతా కాటుకే.

"బావగారూ, నా మీద పాత కక్ష తీర్చుకుంటున్నారు" అన్నాడు మీవాడు.

"నాకు కక్ష ఉందిరా, మట్టికి లేదుగా!" అన్నాను.

పెళ్ళిళ్ళలో పదిమంది ముందు, "ఇన్ని పుస్తకాలు చదివి ఏం ఊడబొడిచారు?" అనేవాడు. ఇదిగో, ఇది ఊడబొడిచాను. పల్లపు వీధి బావుల నీళ్ళు కూడా పరీక్షకు పంపాం. పాపం, ఆ వీధివాళ్ళు ఇన్నాళ్ళూ అవే తాగారు.

మేడమీది ట్యాంకు కడిగించావా? నా రెండో కళ్ళజోడు పంపు, ఈ దుమ్ముకి ఇది గీతలు పడింది. కోడలి దగ్గు తగ్గిందా? మనవరాలికి ఆశీస్సులు.

ఉద్యోగం పోతుందని వాడు నీకు ఏడుస్తూ రాస్తాడు. అక్కవి, ఓదార్చు. రిపోర్టు మార్చమని మాత్రం నన్ను అడగకు. నీ మాట కాదనడం నాకింకా అలవాటు కాలేదు.