లంగా నాడా కింద

వదినా,

ఫోన్ చేస్తే నీ మనవరాలు స్పీకరు పెట్టి వీధంతటికీ వినిపిస్తుంది. అందుకే ఈ కాగితం. చదివి పొయ్యిలో వెయ్యి.

మొన్న మా ఆళ్లగడ్డ బడిలో చర్మం క్యాన్సర్‌ను ముందే కనిపెట్టే పరీక్షలు పెట్టారు. ఆడవాళ్లందరూ పేరంటానికి పోయినట్టు తయారై, వరుసలో నిలబడి మొహాలూ మోచేతులూ చూపించి వచ్చారు. ఒక్కతీ కొంగు కూడా జరపలేదు. నేను ఊరుకుంటానా? ముంజేతి మీద కాటుకతో ఇంత మచ్చ పెట్టుకుని, ఏడుపు మొహంతో డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. ఆ పిల్ల దూదితో ఒక్క తుడుపు తుడిచింది. నా వెనకున్న పక్కింటి హసీనా పకపకా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"అయిపోయిందా అమ్మా సరదా? ఇప్పుడు నడుము చూపించు. లంగా నాడా కట్టే చోటు."

"నా మొగుడే చూసి ఏండ్లాయె, నీకేం పని తల్లీ," అని అందరినీ నవ్వించి బయటపడ్డాను. ఇంటికొచ్చేదాకా నడుము మీద కొంగు వదల్లేదు.

అక్కడ పుండుంది వదినా. పెళ్లయినప్పటి నుంచి ఒకే చోట నాడా బిగించి కట్టీ కట్టీ నల్లగా కాయ కాచింది. అది పగిలి, రెండేళ్లుగా మానడం లేదు. రసి కారి లంగాకు అంటుకుంటుంది. విప్పేటప్పుడు తోలుతో సహా ఊడొస్తుంది. చచ్చిన ఎలుక వాసన. పసుపు, బూడిద, మందులషాపువాడు ఇచ్చిన ట్యూబులు, ఆఖరికి పళ్లపేస్టు కూడా పూశాను. నా ఒళ్లంటే నాకే రోత. ఈ సంగతి తెలిస్తే నా టిఫిన్ల అంగట్లో ఉగ్గాని ఎవరు ముట్టుకుంటారు? నీ తమ్ముడు దేవరాజు రాతిదుమ్ముకు దగ్గొస్తోందని చెప్పి మంచం శిల్పాలు చెక్కే కొట్టంలో వేసుకున్నాడు. దుమ్ముకు దగ్గొచ్చేవాడు పోయి దుమ్ములోనే పడుకుంటాడా? వాసనకే పోయాడు.

ఈ గలీజు ఎవరికీ చూపించను. పోతే దీంతోనే పోతాను. నంద్యాలలో మంచి ఆయింటుమెంటు దొరికితే పంపు, చాలు.

నీ మరదలు
ఓబుళమ్మ

*

టక్కులమారి వదినకు,

"నాకూ అట్లే ఉంది, ఒక్కదాన్నే పోలేను, తోడు రా," అని నువ్వు రాస్తే నమ్మి నంద్యాల బస్సెక్కాను చూడు, నా అంత తెలివితక్కువది లేదు. ఆసుపత్రిలో పరదా వెనక నువ్వు నాడా వదులు చేస్తే ఏముంది, ఒట్టి నాడా గీత.

"ఇదా నీ పుండు? ముసల్దానా, నన్నే మోసం చేస్తాండావా?" అన్నాను.

"ఊరందరినీ నువ్వు చేయొచ్చు, నిన్ను నేను చేయగూడదా? నేను విప్పినా గదా, ఇంగ నువ్వు విప్పు."

కోపంలో విప్పేశాను. కోపం లేకుంటే విప్పేదాన్ని కాదు. కంపు గుప్పుమంది. డాక్టరు వంగి చూస్తుంటే నేను నీ కొంగునే చూస్తున్నాను, ముక్కుకు అడ్డం పెట్టుకుంటావని. పెట్టుకోలేదు. ఆ సంగతి నీతో చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నా.

ముక్క తీసి చేసిన పరీక్షలో నాడా ఒరిపిడికి వచ్చిన క్యాన్సరని తేలి, కోసి తీసేసేదాకా నువ్వే ఉన్నావు. లోపలికి పాకలేదని డాక్టరు చెప్తే నాకంటే ముందు ఏడ్చింది నువ్వే. తర్వాతది విను. కట్టు మార్చేది నీ తమ్ముడే. "ఇన్నాళ్లూ నీకు వాసన రాలేదా?" అని అడిగాను. "వచ్చినాది. అడిగితే తిడతావని అడగలే," అన్నాడు. రెండేళ్లు ముక్కూ నోరూ రెండూ మూసుకున్నాడంట. పుండుకంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది.

నిన్న హసీనాను అంగడి వెనక గదిలోకి పిలిచి నడుము చూపించమన్నాను. ఆ పిల్ల సల్వారు నాడా ఎంత బిగించి కడుతుందో నాకు తెలుసు.

"నీ ఆటలు నాకాడ వద్దు ఓబుళక్కా," అని లేచింది. నేను చేసిన వేషాలకు ఎవరు నమ్ముతారులే. చీర పక్కకు తీసి, కోసిన చోటు చూపించాను.

"థూ, ఏందక్కా ఇది?"

"చూడు. బాగా చూడు."

చూసింది. పోయి తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి నాడా ముడి మీద చెయ్యేసింది. నేను ఈసారి నవ్వించలేదు.

మంగళవారం ఆ పిల్లను మన డాక్టరుకు చూపించడానికి నంద్యాల తీసుకుని వస్తున్నా. గాజులు కొనడానికని మొగుడికి చెప్పింది. ఆయన ఫోన్ చేస్తే నువ్వూ అదే చెప్పు. అబద్ధాలు బాగానే ఆడతావుగా.

నీ మరదలు
ఓబుళమ్మ