ఒళ్లు చేసిన చెల్లెలు

చోడవరం,
మార్చి 1997.

అన్నయ్యకు నమస్కారాలు. నువ్వూ వదినా పిల్లలూ కులాసా అని తలుస్తాను.

మొన్న పెళ్లిలో వదిన నన్ను చూసి, "ఏటమ్మా, ఇంత ఒళ్లు సేసేవు! మీ ఇంట్లో తిండికి లోటు లేదన్నమాట" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏటా పంపే పెసలు ఈసారి నువ్వు పంపనిది అందుకేనేమో.

నిన్న ఆయాసమొస్తే ఆసుపత్రికి వెళ్లాను. షుగరుందన్నారు. ఏం తింటున్నావని డాక్టరుగారు అడిగారు. పొద్దున నూకల జావ, రాత్రి గంజన్నం, మధ్యలో ఆకలేస్తే గానుగ దగ్గర కూలివాళ్లకిచ్చే బెల్లం ముక్క. ఈ ఒంటితో ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? సిగ్గేసి, నెయ్యీ మాంసమూ అని నోటికొచ్చింది చెప్పాను. "అవి మానేసి, అన్నం తగ్గించి పప్పు ఎక్కువ తినమ్మా" అన్నారు. తలూపి వచ్చేశాను.

ఇంట్లో పప్పు వండి చాలా రోజులైంది అన్నయ్యా. వీలైతే రెండు కుంచాల పెసలు పంపు. వదిన అడిగితే మాత్రం తినడానికని చెప్పకు. కౌలు మడిలో చల్లడానికి విత్తనాలని చెప్పు.

నీ చెల్లెలు