స్టే అన్న మాట

ఫిబ్రవరి 3, సోమవారం

జెనీవా నుంచి ఉత్తరం. శరణు ఇవ్వలేదని సుధామయి పెట్టుకున్న ఫిర్యాదు తేలేదాకా తల్లినీ కూతురినీ కెనడా నుంచి పంపించవద్దని యూఎన్ కమిటీ రిక్వెస్ట్ చేసింది. లంచ్ బ్రేక్‌లో మేం పనిచేసే వేర్‌హౌస్ పార్కింగ్‌లో, ఇంగ్లీషు అంతగా రాని సుధామయిని నా కారులో కూర్చోబెట్టి తెలుగులో చెప్పాను. స్టే వచ్చిందన్నాను. మనవాళ్ళకి తెలిసిన మాట అదే కదా. కులం కానివాణ్ణి చేసుకుందని ఆమె భర్తను చంపిన అన్నలు గుంటూరులో బెయిల్ మీద తిరుగుతున్నారు. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. సాయంత్రం ఇషిత, ఏడేళ్ళది, వుయ్ గెట్ టు స్టే అంటూ సోఫా మీద గెంతింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

కెనడాలోని మా కేంబ్రిడ్జ్ ఊరి తెలుగు సంఘం పెద్ద వెంకటేశ్వర రావు గారు గుడిలో ఉత్తరం అందరికీ చూపించారు. ప్రపంచమే మన అమ్మాయి వెనకుందన్నారు. వాళ్ళని పంపొద్దన్న అర్జీకి రెండు వందల పైచిలుకు సంతకాలు. కాగితం నిండా పులిహోర మరకలు.

ఫిబ్రవరి 14

సుధామయి లాయరు ఫోన్ చేసింది. అది స్టే కాదట, రిక్వెస్టేనట. స్టే ఇవ్వాల్సింది ఇక్కడి కోర్టట. ఆ కోర్టులో చూపించడానికి, అన్నల కొత్త బెదిరింపుల మీద గుంటూరులో ఇచ్చిన పోలీసు కంప్లైంట్ కాపీలు ఏవని అడిగింది. సుధామయిని అడిగాను. స్టే వచ్చేసిందిగా రాగిణక్కా, అక్కడున్న మా అత్తయ్యను ఇంక పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగొద్దని చెప్పేశా అంది.

నా నోరు పడిపోను.

ఫిబ్రవరి 20

కాపీలు అందలేదు. జడ్జి స్టే ఇవ్వలేదు. కొత్త ఆధారం లేదన్నాడు. జెనీవా ఉత్తరానికి ఒక్క పేరా: గౌరవిస్తాం, కట్టుబడనక్కర్లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

సంతకాల కాగితం అడిగితే రావు గారు ఇబ్బందిగా చూశారు. మన కోర్టే కాదన్నాక ఆ కమిటీ మాటకి విలువేముందమ్మా అన్నారు. తమ పేర్లు కొట్టెయ్యమని ముగ్గురు అడిగారు. ఒకాయనకి సిటిజన్‌షిప్ పెండింగట. రెండు వారాల కింద ఇదే ఉత్తరాన్ని కళ్ళకద్దుకున్నారు. అందులో ఒక్క అక్షరం మారలేదు. కడిగేద్దామనుకున్నాను వాళ్ళని. ఏ మొహంతో? జడ్జి రాసింది చదివాక నాకూ అది ఉత్త కాగితంలాగే కనిపించింది. అందుకే ఎక్కువ ఏడుపొస్తోంది.

ఫిబ్రవరి 26

ఎయిర్‌పోర్ట్. ఇద్దరినీ పంపించేశారు. యూ సెడ్ స్టే, అంది ఇషిత.

మార్చి 19

జెనీవా నుంచి ఇంకో ఉత్తరం. సుధామయిని తిరిగి రానివ్వమని కమిటీ కెనడాను కోరింది. తెలుగులో రాసుకున్నాను, ఈసారి ‘కోరింది’ అనే. వారం రోజులుగా ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

రింగవుతున్న ఫోన్‌కే చదివి వినిపించాను.