ఎర్రదా, బూడిద రంగుదా

నవంబరు 9, ఆదివారం
ఉదయం, కాఫీ తాగాక

గౌరవనీయులైన వదినగారి సముఖానికి,

మీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మా ఆయనా కులాసా. అక్కడ మీరూ, అన్నయ్యా, మీరు తోలే స్కూలు వ్యానూ, అందులో గోల చేసే పిల్లలూ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాదల బాకీ తీరిపోయింది కనక ఇక ‘నువ్వు’లోకి దిగుతున్నాను. వదినా, నాకు సరిగ్గా నిద్రపట్టి వారం దాటింది. కారణం రెండు కార్లు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మొన్న చేశాను కదా, ఏమైంది? నేనింకా ఎర్రదాని గురించి మొదలుపెట్టానో లేదో ఫోన్ తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టావు. ఆయన సంగతి తెలిసిందే. రోజూ పనికెళ్ళడానికి స్పోర్ట్స్ కారేమిటే, అందులోనూ ఎవరో వాడేసింది, పట్టుచీర కట్టుకుని అంట్లు తోముకున్నట్టు లేదూ అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండి పెట్టేశాను. ఉత్తరం అయితే మధ్యలో ఎవరూ దూరలేరు. కాబట్టి కుదురుగా కూర్చుని చదువు. నేను కుదురుగా కూర్చోలేక రాస్తున్నాను, అది వేరే సంగతి.

నీకు ముక్కలు ముక్కలుగా తెలిసిందంతా ఒకచోట పెడతాను. మా డ్రైవింగ్ స్కూలు యజమాని ఊరి బయట, పాత ఇటుక బట్టీల అవతల, పెద్ద స్థలం తీసుకున్నాడు. గీతలు గీయించి, మలుపులు కట్టించి, ఒకచోట ఎత్తు పోయించి, నేర్చుకునేవాళ్ళ కోసం మైదానం తయారుచేయించాడు. దానికి నన్ను పెద్దని చేశాడు. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి. స్కూలు కార్లన్నీ అక్కడే ఉంటాయి, నేర్చుకునేవాళ్ళు అక్కడికే వస్తారు. నేను మాత్రం నా బండిలో నేను వెళ్ళాలి. బస్సు ఆ దారిన పోదు. నా వల్ల కాదంటే ఆ పని కొత్త మాస్టారికి ఇచ్చేస్తాడట. గేరు మార్చమని చెప్పడానికి కూడా కొంప మునిగినట్టు అరిచే మనిషి అతను. అతని కింద నేను పనిచెయ్యలేను, మానేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను నువ్వెప్పుడూ చూడలేదు. చూడకపోవడమే నీకు మంచిది.

మరి స్పోర్ట్స్ కారే ఎందుకంటావా? వదినా, ఇన్నేళ్ళుగా నెత్తిన బోర్డున్న కారులో తిరిగాను. వెనక వచ్చేవాళ్ళు ఆ బోర్డు చూస్తే చాలు, హారన్ మీద చెయ్యేస్తారు. దాటేటప్పుడు లోపలికి తొంగిచూసి ఒక జాలి చూపు పడేసి పోతారు. స్పీడు ముల్లు ముప్పై దాటితే గుండె గొంతులోకి వచ్చే బతుకు. ఒక్కసారి నాదంటూ ఒక బండి ఉండాలని, అది నేల కరుచుకుని పోవాలని, నన్ను దాటినవాడు లేడనిపించుకోవాలని కోరిక. కోరికకి లెక్కలు అడక్కు.

ఇక కార్ల సంగతి. ఎర్రది ఒక పళ్ళ డాక్టరుది. ఇద్దరే పడతారు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచెయ్యొచ్చు. వెనక సామాను పెట్టుకునే చోటు ఎంతంటే, మా ఆయన టిఫిన్ డబ్బా పెట్టి మూస్తే ఇక గాలికి కూడా జాగా ఉండదు. ఆయన అమ్మడానికి కారణం నడుం నొప్పట. పగలంతా జనం నోళ్ళలోకి వంగి, సాయంత్రం ఆ కారులోకి వంగి, ఇల్లు చేరాక నిటారుగా లేవడానికి భార్య చెయ్యి పట్టాల్సి వస్తోందట. మనిషి మంచివాడు. కప్పు ఒక మూల కారుతుందని తనే వేలుపెట్టి చూపించాడు, వానాకాలం ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోమన్నాడు. నేను మాత్రం నవ్వితే నా పళ్ళ గుట్టు ఎక్కడ బయటపడుతుందో అని పెదవులు బిగించి బేరమాడాను.

అక్కడో ప్రహసనం జరిగింది, విను. కారు చుట్టూ చూడటం అయ్యాక అలా ఒక చుట్టు వెళ్ళొద్దాం రండి అన్నాడు. నేను నేరుగా పోయి పక్క సీటు తలుపు తీసి, కూర్చుని, బెల్టు కూడా పెట్టేసుకున్నాను. ఆయన నాకిద్దామని తాళం చేత్తో పట్టుకుని బయటే నిలబడ్డాడు. అద్దాలు సరిచేసుకోండి, సీటు కాస్త ముందుకు జరుపుకోండి అని నేనాయనకి చెప్పాను కూడానూ! ఆయన పగలబడి నవ్వాడు. అలవాటండీ అన్నాను. సరే అలాగే కానివ్వండి, నాకూ మీ దగ్గర ఒక పాఠం అయినట్టుంటుంది అని తనే నడిపాడు. కప్పు తీసేసి చెరువుగట్టు దారిన పోయాం. జుట్టంతా చెదిరి కళ్ళలో పడింది. ఇంజను మోతలో ఆయన చెప్పేది సగమే వినపడింది. చెప్పొద్దూ, భలే బాగుంది.

అన్నయ్య చేతిలో ఫోనుండగానే వెనక నుంచి క్లచ్ ఎలా ఉందని అరిచావు కదా. గట్టిదేనన్నాడు డాక్టరు.

మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మధ్యలో లేచి కిటికీ తీశాను, చలేస్తే మూశాను, ఉక్కపోస్తే మళ్ళీ తీశాను. మా ఆయన పేపరు అడ్డం తీసి, కిటికీ రెక్కలు ఊడిపోతాయి, కూర్చోవోయ్ అన్నాడు.

బూడిద రంగుది రేడియోలో వార్తలు చదివే ఆయనది. ఆ గొంతు విన్నావంటే కారు చూడకుండానే కొనేస్తావు. గేరు బాక్సు ఒకసారి విప్పి బిగించారన్న సంగతి కూడా ఆయన నోట శుభవార్తలాగే వినిపిస్తుంది. గేరు మనం మార్చక్కర్లేదు, అదే మారుతుంది. క్లచ్ గొడవ లేదు. వెనక సీటుంది, ఉందని చెప్పుకోడానికి. అన్నయ్యలాంటి మనిషిని కూర్చోబెడితే మోకాళ్ళు చెవులకి తగులుతాయి. వాన పడితే ఒక్క చుక్క లోపలికి రాదు. పోయేటప్పుడు చప్పుడే ఉండదు, కిటికీ అవతల చెట్లు వెనక్కి పోతుంటే గాని మనం పోతున్నామని తెలియదు. ఆయనకి ఆ కారంటే ఎంత ముద్దంటే, చూపించడానికి వచ్చినప్పుడు నన్నడక్కుండానే తను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నా ముందున్న అర తెరిస్తే నిండా గొంతు బిళ్ళలే. ఒకటి నాకూ పెట్టాడు.

దాని జబ్బు ముక్కు. మరీ కిందికుంది. మా వీధిలో ఉన్న స్పీడు బ్రేకర్ల మీద గీసుకుంటుంది. ఇటుక బట్టీల దగ్గర రోడ్డు సంగతి నీకు తెలుసు, లారీలు తిరిగి తిరిగి గుంతలు పడిపోయింది. రోజూ అక్కడ ఆ ముక్కు ఏ గతి పడుతుందో! ఎర్రదాన్నయితే మెల్లగా ఐమూలగా దించుకోవచ్చు. కానీ ఎర్రదానిలో ఆ దుమ్మంతా నా నెత్తినే. బూడిద రంగుదానికి ఏదైనా సామాను పోతే తెప్పించడానికి నెలలు పడుతుందని మా స్కూలు మెకానిక్ అన్నాడు. ఎర్రదానికైతే తన దగ్గరే దొరుకుతాయట, ఎందుకంటే అది తరచూ పాడవుతుందట. ఇది మంచి మాటో చెడ్డ మాటో నాకింకా అర్థం కాలేదు.

పడుకునేటప్పుడు ఎర్రది అనుకుంటాను. లేచేసరికి మనసు బూడిద రంగుదాని మీదికి పోతుంది. పళ్ళు తోముకుంటుంటే మళ్ళీ డాక్టరు గుర్తొస్తాడు. మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో ఇలాంటివాళ్ళు రోజూ వస్తారట. రెండు ఫ్రేములు మార్చి మార్చి పెట్టుకుని అద్దం ముందు నుంచి కదలరట. ఆయన వాళ్ళకి ఒకే మాట చెబుతాడట, ఏది తియ్యడానికి మనసొప్పలేదో అదే మీది అని. నన్నూ అదే అడిగాడు, ఏ కారు దిగడానికి మనసొప్పలేదే అని. రెండూ హాయిగానే దిగాను అన్నాను. ఆయన కళ్ళజోడు కిందికి దించి నా వంక చూశాడు.

నిన్న సాయంత్రం కూరగాయలకని సంచీ పట్టుకుని బయల్దేరి, తేరుకుని చూసేసరికి పళ్ళ డాక్టరు ఇంటి ముందున్నాను. కారు బయటే ఉంది, కప్పు వేసి ఉంది. చుట్టూ రెండుసార్లు తిరిగాను. స్టీరింగ్ మీద ఎండ పడుతోంది. తలుపు పిడి మీద చెయ్యి వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. మేడ మీద నుంచి డాక్టరు భార్య ఎవరండీ అని అడిగింది. సంచీ ఊపుకుంటూ వచ్చేశాను. కూరగాయలు తేలేదు. రాత్రి గుడ్డు వేసుకుని తిన్నాం.

ఇప్పుడు రేడియో ఆయన ఫోన్ చేసి, ఇంకెవరో రేపు చూడటానికి వస్తున్నారని అదే మధురమైన గొంతుతో చెప్పాడు. డాక్టరేమో మంగళవారం దాకా ఆగుతానన్నాడు. మా యజమాని రోజూ ఏమమ్మా బండి చూసుకున్నావా అని అడుగుతున్నాడు, కొత్త మాస్టారు పక్కనే నిలబడి నా జవాబు కోసం చెవులు రిక్కించుకుని వింటున్నాడు. రెంటికీ చెడ్డ రేవడినవుతానేమోనని బెంగగా ఉంది. నాకు ఆ మైదానం కావాలి వదినా. ఇంతకాలం చేసిన పనిలో నాకంటూ ఒక చోటు ఇస్తామంటే చేతులారా జారవిడుచుకోవాలని లేదు.

రోజూ వ్యాను తోలేదానివి, వానా ఎండా గుంతా గట్టూ తెలిసినదానివి. ఏది తీసుకోనో చెప్పు. అన్నయ్యకి నా నమస్కారాలు. పట్టుచీర మాట నేను మర్చిపోలేదని కూడా చెప్పు.

ఇట్లు,
నీకు ఆడపడుచు, ఊరందరికీ బ్రేకు మేడం

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను.

వదినా, ఆ రెండు కార్లలో దేన్నీ నేను నడపలేదు. పళ్ళ డాక్టరు దగ్గర జరిగింది అలవాటు వల్ల కాదు. ఆ తలుపు వైపే వెళ్ళాలని ముందే అనుకుని వెళ్ళాను. రేడియో ఆయన తనే స్టీరింగ్ ముందు కూర్చుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. వేసవి నుంచి నేను స్టీరింగ్ పట్టుకోలేదు.

వేసవిలో ఒక టీచరమ్మకి నేర్పుతున్నాను. చౌరస్తాలో లారీ వస్తుంటే ఆవిడ బెదిరిపోయి, స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకుంది. స్కూలు కార్లకి నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేను దాన్ని తొక్కాను. కారు ఆగింది, లారీ పోయింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆవిడ మర్నాడే పాఠానికి వచ్చింది, పరీక్ష పాసైంది, ఇప్పుడు తనే నడుపుకుంటూ బడికి పోతోంది. ఏమీ కానిది ఆవిడకి, ఏదో అయింది నాకు. ఆ సాయంత్రం ఇంటికి రావడానికి ఒక్కదాన్నే స్టీరింగ్ ముందు కూర్చున్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది. నేను కళ్ళు మూసుకుంటే ఆ పక్క నుంచి తొక్కేవాళ్ళెవరు అనిపించింది. కారు అక్కడే వదిలేసి నడిచొచ్చాను.

అప్పట్నుంచీ పొద్దున మొదటి పాఠం మా వీధిలో మొదలవుతుంది, సాయంత్రం చివరి పాఠం మా వీధిలో అయిపోతుంది. నేర్చుకునేవాళ్ళే నన్ను తీసుకెళ్ళి తీసుకొస్తున్నారు. డ్రైవింగ్ నేర్పే మనిషి పక్క సీట్లో కూర్చుంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పు? మైదానానికి వెళ్ళాలంటే ఆ దారి మూసుకుపోతుంది. మా ఆయనకి చెప్పలేదు. చెబితే, ఎందుకొచ్చిన అవస్థ, మానెయ్యవే అంటాడు, ప్రేమగానే అంటాడు. నేను మానేస్తాను. నా అసలు భయం అదే.

రేడియో ఆయనకి వద్దని చెప్పేశాను. ఎర్రదాన్నే తీసుకుంటున్నానని డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేశాను. ఎందుకని అడిగితే, అందులో నా పక్కన ఇంకొక్కరే పడతారు, అందుకని. శనివారం నీకు స్కూలు సెలవు కదా, రా. అన్నయ్యకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, నువ్వు పక్కన కూర్చో. ధైర్యం చెప్పకు. ఏమీ కాదులే అనకు. నీ వైపు బ్రేకు ఉండదు, అది నాకూ తెలుసు. అయినా నీకు భయమేసినప్పుడు, అక్కడ బ్రేకున్నట్టే కాలితో తొక్కు వదినా, నాకు వినపడేట్టు గట్టిగా తొక్కు.