పసుపు కుంకాల మడిచెక్క

నెల్లిమర్ల,
20-6-2016.

చిరంజీవి తులసికి,

నీ అక్క జగ్గమ్మ దీవించి రాస్తున్నది. అందరం కులాసా అని మొదలెట్టాలి గానీ, నాకు కులాసా లేదే. రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఫోను చేద్దామంటే అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాడు. నా కూడూ నీడా ఆయన దగ్గరే కదా. ఇప్పుడు ఎరువులకి వెళ్లాడు, వచ్చేలోగా ఇది పోస్టులో పడెయ్యాలి.

నీ పెళ్లిలో నాన్న పసుపు కుంకుమ కింద నీకిచ్చిన మడిచెక్క ఉంది చూడు. నోటిమాటే గానీ కాగితం లేదు. నాన్న పోయాక అన్నయ్య, 'సెల్లికి దాన దస్తావేజు రాసేత్తాను, రేపు నాకేటైనా అయితే దానికి ఇబ్బంది రాకూడదు' అన్నాడు. ఎంత పొంగిపోయానో! పోయిన నెల విజయనగరంలో రిజిస్ట్రేషనూ అయింది. నీకు పంపిద్దామని మొన్న నకలు తీయించాను.

దస్తావేజులు రాసే జగన్నాధం గారు అది చదివి, 'ఇది దానం కాదమ్మా, హక్కు విడుదల. నీ సెల్లి తన హక్కు అన్నకి వదిలేసినట్టు రాసున్నాది' అన్నారు. వీలునామా అయితే మనిషి పోయాక గానీ పనిచేయదట, ఇది ఆ రోజు నుంచే అమలట. అమ్మకమైనా నాలుగు రూపాయలు నీ చేతిలో పడేవి కదా! నువ్వు చెన్నై దాటి రానేలేదు. ఆ మాయదారి కాగితం మీద నీ పేరు కింద ఎవరిదో ఫోటో, ఎవరిదో వేలిముద్ర!

వచ్చే నెల ఆరున అన్నయ్య దాన్ని ధనరాజ్ అనే ఆసామికి అమ్మేస్తున్నాడు. క్రయ దస్తావేజు పడిందంటే కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. ఈలోగా వచ్చి ఫిర్యాదు పెట్టు. నాకు భయంగా ఉందే తులసీ. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, రాస్తున్న కాగితం కొంగులో దాచేస్తున్నాను. అదిగో, బండి చప్పుడు. ఉంటాను.

ఇట్లు,
నీ అక్క
జగ్గమ్మ

మళ్లీ రాస్తున్నాను: ఆ బండి అన్నయ్యది కాదు. అసలు ముక్క రాయకుండా ఉత్తరం మడవలేకపోయాను. 'సెల్లి సెన్నై నుంచి రావాలంటే సార్జీలు దండగ. మీ ఇద్దరిదీ ఒకటే మొహం, దాని ఆధార్ కార్డు ఇక్కడే ఉన్నాది, నువ్వెళ్లి కూసో' అన్నాడు అన్నయ్య. నీకు భూమి వస్తుందనే కూర్చున్నానే. రిజిస్ట్రారు పేరడిగితే తులసి అన్నాను. జగన్నాధం గారు ఆ ఫోటో చూసి, నా మొహం చూసి, కాగితం మడిచి ఇచ్చేశారు. ఫిర్యాదులో అక్క పేరు ఎలా రాయించనని వెనకాడకు. రాయించు. ఆ వేలు నాదేనని నేనే చెబుతాను.